విద్యార్థులు – నోట్సులు – గ్రంథాలయము



పరీక్షలు సమీపించినంతనే ముద్రిత నోట్సులకై వెదకుట విద్యార్థులకు పరిపాటి. ఇంటిలో పుస్తకములు లేని బాలునకు, మన్యమునుండి నర్సీపట్నమునకు చదువ వచ్చు బాలికకు అవి కొంత ఆసరాయే. వానిని నిందించుట తగదు. కాని పరులు తీసిన సారమును కంఠస్థము చేయుట వేరు, తానై చదివి సారము గ్రహించుట వేరు.

చరిత్రనే చూడుడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసెనని ఒక్క పంక్తి వ్రాసికొన్న చాలదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడు వ్యవసాయమునకు కల్పించిన నిర్బంధములను దాని ప్రక్కన చేర్చిననే ఆ తిరుగుబాటునకు కారణము బోధపడును. గణితమున సూత్రముతోపాటు ఉపపత్తియు, విజ్ఞానశాస్త్రమున నిర్వచనముతోపాటు ప్రయోగపు పటమును ఉండవలెను.

నోట్సులకు కాలదోషమును కలదు. పాత ప్రతులలో నర్సీపట్నము విశాఖపట్నము జిల్లాలోనిది; 2022 ఏప్రిల్ 4 నుండి అది అనకాపల్లి జిల్లాలోనిది, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. పాత పాఠమును వల్లించిన విద్యార్థి మార్కులు పోగొట్టుకొనును. కావున ప్రతి పుటపై గ్రంథనామము, ముద్రణ సంవత్సరము, పుటసంఖ్య వ్రాసికొనవలెను. సందేహము కలిగినచో మూలమును తిరిగి చూడవచ్చును.

ఆ మూలము లభించు చోటు గ్రంథాలయమే. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని, 1968లో ప్రభుత్వము తెలుగు అకాడమీని నెలకొల్పినది శాస్త్రములను తెలుగున చదువుటకే. ఆ గ్రంథములు బీరువాలలో నిద్రింపరాదు. పై తరగతులవారు తమ నోట్సులను గ్రంథాలయమున ఉంచి, వాని ప్రక్కనే మూలగ్రంథమును ఉంచినచో, ఈ రజతోత్సవము నిజముగా చదువరుల పండుగ యగును.