పొలము గట్టున చిట్టెలుక



పైరు తెగిన జాడ కనబడగానే "ఎలుక పడినది" యనుట వాడుక. కాని పొలములోని యెలుక లన్నియు నొక జాతివి కావు. జాతి నెఱుగక చేయు ప్రయత్నమున కూలియు మందును వ్యర్థమగును, పంటయు దక్కదు.

చిట్టెలుక కొఱుకు పండ్లుగల జంతువుల వర్గములోనిది. గ్రే అను ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞుడు 1837వ సంవత్సరమున దీనికి 'మస్ బూడుగా' యని శాస్త్రనామ మిడెను. ఇండ్లలో దిరుగు చిన్న యెలుకయు నీ 'మస్' ప్రజాతిలోనిదే. పందికొక్కు వేఱు ప్రజాతిది. దాని తెలుగు పేరే మాఱి యింగ్లీషున 'బాండికూట్' అయినది.

చిట్టెలుక మేను తలతో గూడ సుమారు 2½ అంగుళములు. బరువు సుమారు 10 గ్రాములు, అనగా తులమునకు లోపు. వీపు గోధుమవన్నె, కడుపు తెలుపు. గింజలను, గడ్డివిత్తులను, పురుగులను గూడ దినును. ఇది మెట్టచేలయందును, మాగాణి గట్లయందును నివసించును. మడిలో నీరు నిలిచినపుడు గట్టే దీనికి దిక్కు.

కలుగును జూచి జాతి నెఱుగవచ్చును. చిట్టెలుక కలుగు బొటనవ్రేలు దూరునంత సన్నము. పందికొక్కు కలుగు పెద్దది. ముందు క్రొత్తమట్టి కుప్పగా నుండును, ద్వారము తఱచు మట్టితో మూయబడి యుండును. లోపల వరివెన్నులను దాచుకొనునదియు, గట్టును దొలిచి నీటిని గండిపెట్టునదియు పందికొక్కే. కావున త్రవ్వుకూలి ముందుగా పెద్ద కలుగులపై వెచ్చించుట లాభము.

చిట్టెలుక సుమారు 20 దినములు గర్భము మోసి, ఈతకు పలు పిల్లలను బెట్టును. అందుచే కొద్దిపాటి యుపేక్షయే గొప్ప నష్టమునకు మూలమగును. గట్లను సన్నముగా నుంచి, గడ్డిని చెక్కివేసినచో నెలుకలకు చోటు తగ్గును. ఎలుక బుట్టలైనను, ఎరలైనను పైరు పొట్టకు రాకమునుపే పెట్టవలెను; గింజ పట్టిన పిదప నెలుక యెరను ముట్టదు. జెఱ్ఱిపోతు విషము లేని పాము. గుడ్లగూబ రాత్రి కావలికాడు. రెండును ఎలుకలను దిని బ్రతుకునవి గావున వానిని చంపరాదు.

ఒక్క రైతు తన చేనిని మాత్రమే బాగుచేసికొనినచో, పొరుగు చేని యెలుకలు ఖాళీయైన కలుగులలో జేరును. ఒక ఆయకట్టు రైతులందఱు నొకే వారమున పూనుకొనిననే ఫలము దక్కును.