మూర్ఛ రోగికి ఏడాది పొడవునా మాత్ర


ఆపరేషనుకు సాయం అడిగితే మన ఊళ్లలో ఇచ్చేవారున్నారు. మూర్ఛ రోగికి ఒక్కసారి సాయం చాలదు. రోజూ మాత్ర కావాలి, అదీ ఏళ్ల తరబడి. అందుకే ఈ మాట మీ ముందు పెడుతున్నాం.

ఫిట్స్ అనగానే కిందపడి కొట్టుకోవడమే గుర్తొస్తుంది. అన్నీ అలా ఉండవు. ఒక చెయ్యి మాత్రమే అదరవచ్చు. బడిలో పిల్లవాడు కొన్ని సెకన్లు చూపు నిలిపి ఉండిపోతే పరధ్యానమని కోప్పడతారు. అదీ మూర్ఛే కావచ్చు. చెయ్యి అదిరే రకానికి బాగా పనిచేసే కార్బమజిపైన్ ఈ పిల్లవాడికి ఇస్తే జబ్బు ఎక్కువ కావచ్చు. అతనికి వాల్‌ప్రోయేట్ వంటి వేరే మందు కావాలి. అదే వాల్‌ప్రోయేట్ గర్భిణి వాడితే కడుపులో బిడ్డకు ప్రమాదం. కనుక పెళ్లికి ముందే అమ్మాయిని డాక్టరుకు చూపించాలి. జబ్బు దాచి పెళ్లి చేస్తే ఆమె మాత్ర కూడా దాచుకుని మింగాలి, లేదా మానేయాలి. పక్కింటివారి చీటీతో మందు కొనడం అసలే వద్దు.

ఫినోబార్బిటోన్ 1912 నుంచి, ఫెనిటాయిన్ 1938 నుంచి వాడుకలో ఉన్నాయి. ఖరీదూ ఎక్కువ కాదు. సరైన చికిత్స అందితే 70 శాతం దాకా రోగులు ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మరి మన అనంతపురంలో ఎక్కడ తెగుతోంది? వేరుశనగ ఎండిన ఏడు కుటుంబం బెంగళూరుకు కూలికి పోతుంది. అక్కడ మాత్రలు అయిపోతాయి, చీటీ ఇక్కడే ఉండిపోతుంది. ఆరు నెలలు ఫిట్స్ రాలేదు గదా అని మానేసేవారు కొందరు. కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాకే, అదీ డాక్టరు చెబితేనే, మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణమే పోవచ్చు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. చేతిలో తాళాలు పెట్టకండి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

రంజాన్‌లో పగటి మాత్ర వదిలేసేవారున్నారు. నెల ముందే డాక్టరును అడిగితే కొందరికి సహరీకి, ఇఫ్తార్‌కు సరిపోయేలా మార్చగలరు. నిద్ర తగ్గినా ఫిట్స్ రావచ్చు. ఉపవాసం వద్దన్నవారికి ఆ సడలింపు ఖురాన్‌లోనే ఉంది. తావీజు కట్టుకున్నవారూ మాత్ర మానవద్దు.

దాతలను అడిగేది ఇదే: ఒక్కొక్కరు ఒక రోగికి ఏడాది మందు, డాక్టరు దగ్గరికి వచ్చిపోయే బస్సు ఛార్జీ భరించండి. వలస పోయేవారికి డాక్టరు రాసిచ్చిన మేరకు మందు, చీటీ నకలు బయలుదేరేముందే అందాలి. సభ అయ్యాక గేటు దగ్గర బల్ల వేసి పేర్లు రాసుకుంటాం.