1806లో పుట్టిన ఇద్దరు

 

అర్థశాస్త్రం చదివి పట్టాలు అందుకుంటున్న మీకు జాన్ స్టూవర్ట్ మిల్ కొత్తవాడు కాడు. 1848లో ఆయన రాసిన అర్థశాస్త్ర గ్రంథం తరాల విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది. 1859లో స్వేచ్ఛ మీద, 1869లో స్త్రీల అణచివేత మీద రాశాడు. అలాంటి మనిషి పదిహేడో ఏటి నుంచి 35 ఏళ్లు జీతం తీసుకున్నది లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో. మన దేశంలో మాత్రం ఒక్కసారైనా అడుగుపెట్టలేదు.

ఆయన పుట్టిన 1806లోనే ఈ చెన్నపట్నంలో, తెలుగు వర్తకుల ఇంట గాజుల లక్ష్మీనరసు చెట్టి గారు పుట్టారు. బట్టలు, నీలిమందు వ్యాపారంలో గడించిన డబ్బుతో 1844లో 'క్రెసెంట్' పత్రిక పెట్టారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, కంపెనీ పాలనలోని అన్యాయాలపై పార్లమెంటుకు అర్జీ పంపించారు.

ఆ రోజుల్లో శిస్తు బకాయిపడ్డ రైతును ఎలా హింసించేవారో వినండి. 'అనుండాల్' అంటే మనిషిని వంచి, మెడను కాలి బొటనవేళ్లకు తాడుతో బిగించి ఎండలో నిలబెట్టడం. 'కిట్టి' అంటే రెండు కర్రల మధ్య వేళ్లు పెట్టి నొక్కడం. 1853లో డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు వస్తే, చెట్టి గారు ఆయన్ను వెంటబెట్టుకుని జిల్లాలు తిరిగి బాధితులను కళ్లారా చూపించారు. మరుసటి ఏడు పార్లమెంటులో గొడవ లేచింది. విచారణ కమిషన్ వేయక తప్పలేదు. హింస నిజమేనని 1855లో ఆ కమిషనే తేల్చింది.

1858లో కంపెనీ చేతినుంచి పాలన పోబోతుంటే, దాన్ని వెనకేసుకొస్తూ పార్లమెంటుకు విన్నపం రాసిపెట్టింది మిల్లే. స్వేచ్ఛ సిద్ధాంతం వెనకబడిన సమాజాలకు వర్తించదనీ, వాటికి నిరంకుశ పాలన తగునని కూడా రాశాడు. స్త్రీలకు ఓటు కావాలని 1867లోనే పార్లమెంటులో నిలబడి అడిగిన మనిషి, మన రైతు దగ్గరకు వచ్చేసరికి తన సూత్రాన్నే పక్కన పెట్టాడు. ఇది నాకు బాధగానే ఉంటుంది. అయినా మిల్‌ను చదవండి, చదవాల్సిందే.

చెట్టి గారు ఆస్తి చాలావరకు ప్రజల పనికే ఖర్చుపెట్టి 1868లో కన్నుమూశారు. మీలో పరిశోధనకు వెళ్లేవారికి నా విన్నపం ఒకటే: ఆ 1855 నివేదిక తెరవండి, అందులో సాక్ష్యం చెప్పిన రైతుల మాటలు తెలుగులోకి తీసుకురండి.