పెరటి తోటలో నత్తలు



ఈ రోజు నత్తల గురించి మాట్లాడుకుందాం. "నత్తల గురించి మాటలేంటి?" అని నవ్వకండి. వానాకాలంలో పెరట్లో ఆకుకూర మడి వేసిన ప్రతి అక్కకూ ఈ బాధ తెలుసు. సాయంత్రం చూస్తే తోటకూర మొలకలు పచ్చగా ఉంటాయి. తెల్లారి చూస్తే మోళ్లు మిగులుతాయి. పెద్ద ఆకులకు చిల్లులు పడి ఉంటాయి. మడి అంతా వెతికినా పురుగు కనపడదు. మరి తిన్నది ఎవరు?

నేల మీద చూడండి. ఆకుల మీద చూడండి. ఎండిన జిగురు చార వెండి తీగలా మెరుస్తూ ఉందా? అయితే రాత్రి వచ్చిన దొంగ నత్తే.

పెరటి మడి చిన్నదే. కాని ఆ మడిలోంచే ఇంటిల్లిపాదికీ కూర వస్తుంది. బాలింతకూ, ఎదిగే పిల్లకూ కావలసిన ఆకుకూర అక్కడే దొరుకుతుంది. మిగిలిన నాలుగు కట్టలు అమ్మితే ఉప్పు ఖర్చు, సబ్బు ఖర్చు వెళ్తుంది. ఆ మడిని నత్తలకు వదిలేయకూడదు. అలాగని కంగారుపడి విషం చల్లకూడదు.

దొంగ సంగతి తెలుసుకుందాం

తోటలో నత్తలు రెండు రకాలు. ఒక రకానికి వీపు మీద గుల్ల ఉంటుంది. ఇంకో రకానికి గుల్ల ఉండదు. గుల్ల లేని నత్త నల్లగా, చదునుగా, మెత్తగా ఉంటుంది. దాన్ని చూసి కొందరు జలగ అనుకుంటారు. అది జలగ కాదు. రక్తం తాగదు. ఆకు తింటుంది.

నత్త ఒళ్లంతా నీరే. ఎండ తగిలితే ఎండిపోతుంది. అందుకే పగలు దాక్కుంటుంది. ఇటుకల కింద, కుండీల కింద, కుళ్లిన ఆకుల కింద, తడి గడ్డిలో ఉంటుంది. చీకటి పడ్డాక బయటికి వస్తుంది. వాన పడితే పగలు కూడా వస్తుంది.

నత్త నాలుక ఆకురాయిలా ఉంటుంది. దాని మీద కంటికి కనపడని వేల పళ్లు ఉంటాయి. వాటితో లేత ఆకును గీకి గీకి తింటుంది.

తోటల్లో తిరిగే ఈ నత్తల్లో ఆడది వేరు, మగది వేరు అని ఉండదు. ఒక్కొక్క నత్తా గుడ్లు పెట్టగలదు. గుడ్లు తడి మట్టిలో గుంపుగా ఉంటాయి. చూడటానికి సగ్గుబియ్యంలా ఉంటాయి. మట్టి తవ్వేటప్పుడు కనపడితే వదలకండి.

పిడికిలంత గుల్లతో పెద్ద నత్త ఒకటి ఉంది. దాన్ని ఆఫ్రికా నత్త అంటారు. అది మన దేశపు నత్త కాదు. 1847లో ఒక ఇంగ్లీషు దొర మారిషస్ దీవి నుంచి దాన్ని కలకత్తాకు తెచ్చాడు. అక్కడి తోటలో వదిలాడు. అది పెరిగి పెరిగి ఎన్నో రాష్ట్రాలకు పాకింది. ఒక్కసారికి వందకు పైగా గుడ్లు పెట్టగలదు. ఎండాకాలంలో గుల్ల మూతి మూసుకుని నిద్రపోతుంది. తొలకరి వానకు లేస్తుంది. బొప్పాయి, అరటి, బీర, బెండ, ఆకుకూర, ఏదీ వదలదు.

ఉప్పు చల్లవచ్చా?

నత్త మీద ఉప్పు వేస్తే చచ్చిపోతుంది. నిజమే. ఉప్పు దాని ఒంట్లో నీరు లాగేస్తుంది. కాని మడిలో ఉప్పు చల్లితే ఆ ఉప్పు మట్టిలో కలుస్తుంది. మట్టి చెడిపోతుంది. మొక్క మాడిపోతుంది. ఉప్పు బకెట్టులో ఉండాలి. మడిలో ఉండకూడదు.

మందు పొట్లం చదవండి

ఒక ఇంట్లో ఇలా జరిగింది. నత్తలు గోంగూర మడిని తినేశాయి. అత్తకు కోపం వచ్చింది. పొలానికి వాడగా మిగిలిన గుళికల మందు చూరులో ఉంది.

"అమ్మాయ్, ఆ గుళికలు రెండు గుప్పెళ్లు చల్లు. పీడ పోద్ది" అంది అత్త.

కోడలు పొట్లం తీసింది. కూడబలుక్కుని చదివింది.

"అత్తయ్యా, దీని మీద పుర్రె బొమ్మ ఉంది. విషం అని రాసుంది. ఇది వరికంట. ఆకుకూరకని ఎక్కడా లేదు."

"నత్తలు చావాలి కదే!"

"చస్తాయి. మరి పది రోజుల్లో ఈ కూరే కోసి పిల్లాడికి పెడతాం కదండీ. మన కోళ్లు కూడా ఇక్కడే మేస్తాయి."

అత్త కాసేపు మాట్లాడలేదు. "పొట్లం తీసి పైన పెట్టు. పిల్లలకు అందకుండా పెట్టు" అంది.

ప్రతి పురుగుమందు పొట్లం మీద పలకలాంటి గుర్తు ఉంటుంది. అది మూల మీద నిలబెట్టినట్టు ఉంటుంది. దాని కింది సగం రంగు చూడండి.

ఎరుపు ఉంటే అన్నిటికన్నా ఘోరమైన విషం.
పసుపు ఉంటే చాలా విషం.
నీలం ఉంటే ఒక మోస్తరు విషం.
ఆకుపచ్చ ఉంటే కాస్త తక్కువ విషం.

ఆకుపచ్చ గుర్తు ఉన్నా విషం విషమే. ఏ పంటకు వాడాలో, ఎంత వాడాలో చదవాలి. విడిగా కాగితంలో కట్టి ఇచ్చే మందు కొనవద్దు. దాని మీద చదవడానికి ఏమీ ఉండదు.

నత్తలకని మెటాల్డిహైడ్ అనే మందు గుళికలు అమ్ముతారు. వాటిని కుక్కలు, కోళ్లు తినే ప్రమాదం ఉంది. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. ఇంటి పెరట్లో వాటి జోలికి పోకపోవడమే మంచిది. ఎవరైనా పొరపాటున మందు మింగితే వెంటనే 108కి ఫోన్ చేయండి. మందు పొట్లం కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరు అది చూసి వైద్యం చేస్తారు.

చేతితో ఏరడమే మేలు

చీకటి పడిన గంట, రెండు గంటలకు టార్చిలైటు పట్టుకుని మడి దగ్గరికి వెళ్లండి. చెప్పులు వేసుకోండి. వానాకాలంలో పాములు తిరుగుతాయి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కోండి. లేదా పుల్లతో, పాత గరిటెతో నత్తలను తీయండి. ఆ గరిటె మళ్లీ వంటకు వాడకూడదు.

ఏరిన నత్తలను ఉప్పునీళ్ల బకెట్టులో వేయండి. 5 లీటర్ల నీళ్లకు ఒక కిలో రాళ్ల ఉప్పు కలపండి. తెల్లారాక చచ్చిన నత్తలను మూరెడు లోతు గోతిలో పూడ్చండి. ఉప్పునీళ్లు మొక్కలకూ, బావికీ దూరంగా పారబోయండి.

రాత్రి వెళ్లలేనివారు ఎర పెట్టవచ్చు. సాయంత్రం తడి గోనెసంచి మడి పక్కన పరవండి. దాని కింద బొప్పాయి ఆకులో, క్యాబేజీ ఆకులో వేయండి. నత్తలు తినడానికి వచ్చి అక్కడే దాక్కుంటాయి. పొద్దున్నే ఎండ రాకముందే సంచి ఎత్తి ఏరేయండి.

నీళ్లు సాయంత్రం పెట్టకండి. పొద్దున పెట్టండి. రాత్రికి పైమట్టి ఆరుతుంది. ఆరిన నేల మీద నత్త పాకలేదు. మడి చుట్టూ పొడి బూడిద చల్లితే కొంత ఆగుతుంది. కాని బూడిద తడిస్తే పని చేయదు. వాన వెలిశాక మళ్లీ చల్లాలి. మడి పక్కన ఇటుకలు, కలుపు, చెత్త లేకుండా చూడాలి.

మనకు సాయం చేసేవారు కూడా ఉన్నారు. బాతులు నత్తలను ఇష్టంగా తింటాయి. జెముడు కాకి గుల్ల నత్తలను కూడా తింటుంది. కప్పలు చిన్న నత్తలను తింటాయి. కప్పను కొట్టి తరమకండి.

ఒక్క ఇల్లు చాలదు

ఒక ఇంటివారు ఏరితే పక్క పెరటి నత్తలు వస్తాయి. నత్తకు నీ కంచె, నా కంచె తెలియదు. పక్కింటివారితో మాట ఉన్నా లేకపోయినా ఈ పని కలిసి చేయాలి. తొలకరి పడగానే వీధిలో ఆడవాళ్లంతా ఒక మాట అనుకోండి. పది రాత్రులు వరసగా ఏరండి. గుడ్లు పెట్టకముందే ఏరితే ఆ ఏడు తగ్గుతాయి. మొత్తం పోతాయని అనుకోకండి. మళ్లీ ఏడు మళ్లీ ఏరాలి.

చేతులు కడగండి, కూర కడగండి

ఎలుకల నుంచి ఒక సన్నని పురుగు నత్తల్లో చేరుతుంది. నత్త పాకిన ఆకు పచ్చిగా తింటే ఆ పురుగు మనిషి ఒంట్లో చేరవచ్చు. అది మెదడు పొరల దాకా వెళ్లి జబ్బు చేయవచ్చు. కేరళలో కొందరికి ఇలా జరిగింది. భయపడనక్కర లేదు. ఆకుకూర రెండు మూడు నీళ్లలో కడగండి. బాగా ఉడికించండి. కొత్తిమీర పచ్చిగా వేసేటప్పుడు ఒక్కొక్క రెమ్మా చూసి కడగండి. నత్తలు ఏరాక చేతులు సబ్బుతో కడగండి. పిల్లలను నత్తలతో ఆడనివ్వకండి. విపరీతమైన తలనొప్పి, మెడ పట్టేయడం, జ్వరం, వాంతులు కలిసి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అక్కలారా! ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. టార్చిలైటు, గోనెసంచి, కిలో ఉప్పు చాలు. మడి మనది. కూర మన పిల్లలది. ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టండి.

గుర్తుంచుకోండి

1. ఉప్పు మడిలో చల్లవద్దు.
2. పొలం మందు ఆకుకూరకు వాడవద్దు.
3. మందు పొట్లం మీద రంగు చూడాలి, రాత చదవాలి.
4. నీళ్లు పొద్దున పెట్టాలి.
5. వీధి అంతా కలిసి ఏరాలి.

మాట్లాడుకోండి

1. నత్తలు పగలు ఎందుకు కనపడవు?
2. కోడలు గుళికలు ఎందుకు చల్లలేదు?
3. మీ ఇంట్లో పురుగుమందు ఉందా? దాని మీద ఏ రంగు ఉంది? అది పిల్లలకు అందే చోట ఉందా?