నెరసిన తలకు తగిన వన్నె

రంగును గూర్చి రేడియోలో ప్రసంగించుట ఒక విధముగా సాహసమే. చెప్పువారు చూపలేరు, వినువారు చూడలేరు. కావున నేటి ప్రసంగములో కంపెనీలవారి చిట్టాలలోని పేర్లను సాధ్యమైనంతవఱకు విడిచి, మన నల్లగొండ, మహబూబ్‌నగరు సీమలలో ప్రతి యింటను కనబడు వస్తువులతోనే వన్నెలను చెప్పెదను. చింతగింజ పైపొట్టు, ఎండిన కుంకుడుకాయ, పాతబెల్లము, మాడక వేగిన కాఫీగింజ, తడిసిన నల్లరేగడి — ఈ ఐదింటిని మనస్సున నిలుపుకొన్నచో మనకు పని జరుగును.

డబ్బాలపై "ముదురు గోధుమరంగు" అని అచ్చువేయుదురు. ఆ మాట నాకు అంతగా రుచింపదు. గోధుమగింజ లేత వన్నెది. దానిని ఎంత ముదిర్చి ఊహించినను మన తలవెండ్రుకల ఛాయ రాదు. పైగా గోధుమ మన మెట్టనేలల పంటయు కాదు. జొన్నయు, కందియు, ఆముదమును పండు చెలకలు మనవి. ఆ రంగునకు చింతగింజ వన్నె యని పేరు పెట్టిన, వినగానే ఎవరికైనను తెలియును. గింజను వేళ్ల నడుమ త్రిప్పి చూడుడు. నీడలో అది నల్లనిది. ఎండలో లోపలినుండి ఎఱుపు తోచును. నెరసిన తలకు తగిన వన్నె అదియే యని నా అభిప్రాయము.

నలుపు ఏల కాదని మీరడుగవచ్చును. పల్లెలోని క్షౌరశాలకు పోయినచో మొదటి ప్రశ్న "నల్లగ ఎయ్యాల్నా సార్, బ్రౌనా?" అనియే. పదింట తొమ్మండ్రు "నల్లగనే ఎయ్యి" అందురు. అట్లనుటకు వారివారి కారణములు వారికి కలవు. కూతురి పెండ్లిచూపులకు వియ్యాలవారు రానున్నారు. ముంబయిలో కట్టడపు పనికి పోవు పాలమూరు మనిషికి మేస్త్రి తన్ను ముసలివానిగా లెక్కించునేమోయని శంక. సద్దుల బతుకమ్మనాటికి పుట్టినింటికి పోవు ఆడపడుచునకు వదినె మాటల భయము. ఇవి తేలికగా నవ్వి త్రోసివేయదగినవి కావు. కాని వయసును దాచుటకు వేసిన నలుపే వయసును చాటుచున్నది. ఇందులోని మర్మమును కొంచెము విప్పి చెప్పెదను.

మన వెండ్రుకకు రంగునిచ్చునది మెలనిన్ అను పదార్థము. అందు రెండు జాతులు కలవు: నలుపు-గోధుమ వన్నెనిచ్చునది ఒకటి, ఎఱుపు-పసుపు వన్నెనిచ్చునది మఱియొకటి. తెలుగువారి జుట్టులో మొదటిది అధికమైనను రెండవది బొత్తిగా లేకపోలేదు. ఎండలో పనిచేయువారి జుట్టు కొసలు రాగి తిరుగుట మీరు చూచియే యుందురు. కావున ఇరువదియేండ్ల పడుచు తలకూడ నిజమునకు కాటుకవలె ఒకే నలుపుగా నుండదు. వెండ్రుకకు వెండ్రుకకు స్వల్పముగ భేదముండును. డబ్బాలోని నలుపు ఆ భేదమునంతయు మాపి, తలపై ఒకే పూత పూసినట్లు చేయును. దాని ప్రక్కన నుదుటి ముడుతలును, కంటిక్రింది నీడలును మఱింత స్ఫుటముగ కనబడును.

మఱియొక చిక్కు కలదు. వెండ్రుక నెలకు రమారమి ఒక సెంటీమీటరు పెరుగును. మూడు వారములు గడచునప్పటికి పాపట పొడవున తెల్లని గీత బయలుదేరును. కాటుక నలుపు ప్రక్కన ఆ గీత సున్నపు గీతవలె మెఱయును. చింతగింజ వన్నె ప్రక్కన అంతగా కంటబడదు. నెలనెలయు రంగునకు డబ్బు పెట్టలేని సంసారికి ఇది చిన్న లాభము కాదు.

తెల్లవెండ్రుకకును నల్లవెండ్రుకకును రంగు ఒకే తీరున పట్టదను సంగతి మన ఆడువారికి పుస్తకములు చదువకయే తెలియును. బతుకమ్మకు గునుగుపూలు తెచ్చి రంగునీట ముంచుదురు గదా! తెల్లని గునుగు అడిగిన రంగునెల్ల చక్కగా పట్టును. తంగేడుపూవును అదే నీట ముంచినను దాని పసుపు పోదు. రెండును కలిసి వేఱొక ఛాయ వచ్చును. తలపైనను అంతే. నలుపుమీద పూసిన గోధుమవన్నె కానరాదు. ఏలనన ఒక రంగుపై వేసిన రంగు దానిని లేతపఱుపజాలదు. తెల్లవెండ్రుకపై మాత్రము వేసిన వన్నె వేసినట్లే తేలును. కావున నాలుగు తెల్లవెండ్రుకలు గలవారు డబ్బాపై బొమ్మనుజూచి మోసపోవలదు. వారికి అక్కడక్కడ గోధుమ చారలు తోచును, తక్కినది యథాప్రకారము నల్లగా నుండును. అది చూచుటకు బాగుగానే యుండును. సగముకంటె ఎక్కువ నెరసినవారు కొంచెము ముదురు వన్నె ఎన్నుకొనవలెను. లేనిచో తలయంతయు బెల్లపు రంగు తిరుగును.

ఏ వన్నె తగునో తెలిసికొనుటకు నేను చెప్పు పరీక్ష సులభమైనది. పగటి వెలుతురున వాకిట నిలిచి, మెడ వెనుక నెరయక మిగిలిన వెండ్రుకలను మఱియొకరిచేత చూపించుకొనవలెను. అది మీ స్వంత వన్నె. దానికి సరిగానో, ఒక మెట్టు లేతగానో ఉన్న రంగు మీకు తగును. అంతకు మించి లేతపోయినచో కనుబొమలకును తలకును పొత్తు కుదురదు. కనుబొమలకు రంగు వేయరాదని ముందే చెప్పుచున్నాను. కన్నులకు ముప్పని, చూపు పోవుటకును కారణము కావచ్చునని మన దేశపు నిబంధనల ప్రకారము డబ్బాపై హెచ్చరిక ఉండవలెను.

ఇక ఎఱుపు తిరిగిన గోధుమయా, బూడిద తిరిగిన గోధుమయా యను ప్రశ్న. మణికట్టు నరముల రంగును బట్టి తెలియునని కొందఱందురు. ఛామనఛాయవారి చేతిపై ఆ నరములు సరిగా కనబడనే కనబడవు! అంతకంటె గద్వాల, నారాయణపేట చీరల అంగడిలో మన ఆడువారు చేయు పని మేలు. కుంకుడుకాయ వన్నె బట్ట నొకదానిని, బూడిద కలిసిన కాఫీ వన్నె బట్ట నొకదానిని తెచ్చి, వెలుతురులో గడ్డముక్రింద పట్టి అద్దమున చూచుకొనుడు. ఒకదానితో ముఖము తేటపడును, రెండవదానితో వాడినట్లుండును. ఛామనఛాయకును నలుపుఛాయకును తఱచుగా వెచ్చని వన్నెయే, అనగా చింతగింజయో కుంకుడుకాయయో, అమరుట నేను గమనించితిని. ఛాయను తెలుపు చేసి చూపు రంగు కావలెనని అడుగువారు కలరు. ఆ కోరికయే వృథా. ఉన్న ఛాయకు తేట తెచ్చునది వెదకవలెను గాని.

డబ్బాపై అంకెలుండు రంగులు కొన్ని వచ్చుచున్నవి. సామాన్యముగా 1 అనగా నలుపు, 2 మిక్కిలి ముదురు, 3 ముదురు గోధుమ, 4 మధ్యమము, 5 లేత. చుక్క తరువాతి అంకె ఛాయను తెలుపును: 1 బూడిద, 3 బంగారు, 4 రాగి. కంపెనీ కంపెనీకి కొంత భేదముండును. మనవారికి 3 మొదలు 4 వఱకు చాలును. 5 దాటి పోవలసిన పని లేదు.

ఆకులతో ఈ వన్నె తెచ్చుట మన ప్రాంతమువారికి క్రొత్తవిద్య కాదు. మైదాకు, అనగా గోరింటాకు, వెండ్రుకలోని కెరటిన్‌ను పట్టుకొని తెల్లవెండ్రుకను నారింజ-ఎఱుపు చేయును. దానిమీద నీలి ఆకు పడినచో ఎఱుపు గోధుమయై, పిదప నలుపు దిక్కునకు పోవును. ఎఱుపు, నీలము కలిసి ముదురు వన్నె అగుట అద్దకపువారి పాత లెక్క. పోచంపల్లి, పుట్టపాక — పూర్వపు నల్లగొండలోనివి, 2016 అక్టోబరు నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోనివి — నూలును ముంచి రంగులద్దు ఊళ్లు. పోచంపల్లి ఇక్కత్‌తోపాటు పుట్టపాక తేలియా రుమాలుకును భౌగోళిక గుర్తింపు లభించినది. రుమాలుకు లభించినది 2020లో. నూనెతోను, ఆముదపు కాయల బూడిదతోను నూలును నానబెట్టి సిద్ధపఱచిన పిదపనే దానికి రంగు వేయుదురు. నూలును సిద్ధము చేయనిదే రంగు నిలువదని వారికి తెలిసినంతగా తలకు రంగు వేసికొనువారికి తెలియదు.

నీలితొట్టినుండి తీసిన నూలు మొదట పసరువన్నెగా నుండి, గాలి తగిలినకొలది నీలమగును. నీలి ఆకులోని సారము గాలిలోని ప్రాణవాయువుతో కలిసినగాని నీలము కాదు. తలమీదను ఇదియే జరుగును. నీలిపొడి వేసి కడిగిన నాడు కొందఱి తెల్లవెండ్రుకలు పచ్చగా తోచును. బెదరి ఆ సాయంత్రమే సబ్బుతో రుద్దినవారికి వన్నె పోవును. రెండు దినములు ఓపిక పట్టి, ఉత్త నీళ్లతోనే కడిగినచో అది చింతగింజకు దిగును. 1897లో జర్మనీనుండి కృత్రిమ నీలి విపణికి వచ్చిన పిమ్మట మన దేశపు నీలిసాగు క్షీణించెను. ఇప్పుడు తల రంగు పుణ్యమాయని నీలి ఆకు పొడి మరల అంగళ్లలో కనబడుచున్నది.

పాళ్లు చెప్పెదను. మైదాకు పొడి ఒక పాలు, నీలిపొడి ఒక పాలు అయినచో కుంకుడుకాయ వన్నె. మైదాకు ఒకటి, నీలి రెండు అయినచో చింతగింజ. మైదాకుతో ఒకసారి, కడిగి నీలితో మఱియొకసారి వేసినచో ఇంచుమించు నలుపు. మైదాకును కొన్ని గంటలు నానబెట్టవలెను. నీలిని మాత్రము పూయబోవుటకు పావుగంట ముందే కలుపవలెను, నిలువయున్నచో దాని శక్తి పోవును. తేనీటి కషాయముతో, కరక్కాయతో, ఇనుప మూకుడులో మైదాకును నానబెట్టుట పెద్దల వాడుక. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లనగును. పూర్వము అన్నభేదితో సిరా చేసినది ఈ గుణముతోనే. అయితే మొదట తలలోని నూనె పోవునట్లు కుంకుడురసముతో అంటుకొనవలెను. బోరునీళ్లు చవుడైన ఊళ్లలో సబ్బు తెట్టెకట్టి వెండ్రుకకు పట్టి, రంగు మచ్చలుగా దిగును. కుంకుడుకాయకు ఆ దోషము లేదు. నీటి కాఠిన్యము వేఱు, మన సీమను బాధించిన ఫ్లోరైడు వేఱు. వన్నె చెడినచో తప్పు ఫ్లోరైడుపై త్రోయవలదు.

ఇప్పుడు కొంచెము కఠినముగా మాటలాడవలసియున్నది. అరగంటలో నల్లబఱచు "నల్ల మైదాకు" అను పొడులు కలవు. శుద్ధమైన మైదాకు ఎన్నడును నలుపు చేయదు. అందు పారాఫినిలీన్ డయమిన్ అను రసాయనము కలిసియుండుట తఱచు. అది విషపదార్థమని త్రోసివేయలేము. 1907లో పారిస్‌లో యూజీన్ షుయెల్లర్ రసాయనపు తలరంగుల వ్యాపారము మొదలిడిన నాటినుండి నేటివఱకు ఈ జాతి రసాయనములే లోకములోని తలరంగులకు ఆధారము. యూరపులో తలపై పూయు మిశ్రమములో అది నూటికి 2 పాళ్లు మించరాదని నియమము. కాని అది కొందఱికి పడదు. చెవివెనుక దురద మొదలై, కనుఱెప్పలు మూసికొనిపోవునంతగా ముఖము ఉబ్బును. ఒకసారి పడని దేహమునకు మఱెన్నడును పడదు. పదియేండ్లు పడినవారికిని పదునొకండవ యేట పడకపోవచ్చును. అందుచే ప్రతిసారియు మోచేతి మడతలోనో చెవివెనుకనో చుక్క పెట్టి 48 గంటలు వేచి చూడవలెను. దీనిని చాదస్తమని నవ్వువారు నవ్వనిండు. ఆ సీసాలను, పొట్లములను పిల్లలకందని చోట తాళము వేసి యుంచుడు. పొరబాటున ఎవరి నోటబడినను గొంతు వాచి ఊపిరి ఆడదు, మూత్రపిండములు చెడును; ఇంటివైద్యమునకు కూర్చుండక వెంటనే 108కి ఫోనుచేసి పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను.

మైదాకు వాడినవారు వెంటనే డబ్బా రంగునకు మారదలచినచో ఆ పొడి శుద్ధమైనదేనా యని విచారించుడు. లోహలవణములు కలిసిన పొడిపై పెరాక్సైడు రంగు పడినచో వేడి పుట్టి వెండ్రుక చెడును. పాపటయొద్ద, చెవులచుట్టు చర్మమునకు ముందుగా ఆముదము రాచినచో మరకలు పడవు; వెండ్రుకకు మాత్రము అంటనీయకుడు. రంగు వేసిన తలకు మన ఎండ పరమశత్రువు. పొలమునకు పోవువారు తలపాగయో కొంగో కప్పుకొన్నచో రాగి తిరుగుట తగ్గును.

బతుకమ్మకు వేసికొనువారికి కాలనిర్ణయమొకటి చెప్పి విరమించెదను. ఎంగిలిపూల బతుకమ్మనాడు చెవివెనుక పరీక్ష పెట్టుడు. దురదయేమియు లేకున్నచో ఆఱవనాటి అలిగిన బతుకమ్మ దినమున తలకు పట్టింపుడు. ఆనాడు పూలు పేర్చు పని లేదు గనుక నాలుగు గంటలు తలకట్టుకొని కూర్చుండుటకు తీరిక దొరకును. ఏడు, ఎనిమిది దినములలో సబ్బు తగులనీయకున్నచో, తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మకు వన్నె సరిగా దిగియుండును.