పలుపిల్లుల యింట బలిసిన పిల్లి



నేటి ప్రసంగవిషయము విని కొందరు నవ్వుకొనవచ్చును. "ముప్పదియైదు సంవత్సరములు పిల్లలకు పాఠములు చెప్పిన పంతులుగారు తుదకు పిల్లులకు చెప్ప మొదలిడిరా?" యని మా వీధిలోని పెద్ద యొకరు నన్ను పరిహసించిరి. పిల్లలకును పిల్లులకును నడుమ నొక్క కొమ్మే గదా భేదమని నేను బదులు పలికితిని. కాని నేను చెప్పబోవునది నవ్వుటాలకు సంబంధించినది కాదు. నాకు గల కొద్దిపాటి పాండిత్యమే కారణముగా మా యింట నొక ప్రాణి చావుదాక పోయి వచ్చినది. అట్టి పొరపాటు మీ యిండ్లలో జరుగకుండుటకే యీ నాలుగు మాటలు.

మా యింట మూడు పిల్లులు కలవు. మొదటిది గౌరి, పండ్రెండేండ్ల ముసలిది, బక్కపలుచనిది. రెండవది భీముడను గండుపిల్లి. మూడవది చుక్క; రెండేండ్లది; ఇంటిలో నుండుటకంటె గోడలమీద నుండుట దానికి మిక్కిలి ప్రియము. ఈ మూడింటికిని చాలకాలము ఒకే పళ్లెము. ప్రొద్దున పెరుగన్నము, మధ్యాహ్నము నేయి వేసి కలిపిన యన్నము, రాత్రి గేదెపాలు. ఇవి చాలవన్నట్లు, అంగడిలో సంచులతో అమ్ము గుళికల ఆహారమును కూడ పళ్లెమునిండ పోసి యుంచెడివారము. ఎప్పుడు దేనికి ఆకలియైన అప్పుడది తినునని మా యభిప్రాయము. పళ్లెము ఖాళీయగుట చూచి మూడును తినినవని సంతోషించితిమే కాని, తినునది భీముడొక్కడే యని గమనింపమైతిమి. వచ్చిన చుట్టములందరును వానిని చూచి, ఇంటి కలిమి పిల్లిపొట్టయందు తెలియుచున్నదని మెచ్చుకొనుచుండిరి. ఆ మెప్పు మాకును ఇంపుగనే యుండెను.

ఒకనాడు భీముడు అరుగుమీదికి దుముకబోయి అందుకొనలేక క్రింద పడెను. పట్టి చూడగా తోకదగ్గర వీపుమీది వెండ్రుకలు జడలు కట్టియున్నవి. పొట్ట యడ్డమువచ్చి నాలుక అంతవరకు అందకపోవుటయే కారణము. నేను వానిని ఎత్తుకొని త్రాసుమీద నిలిచి, పిమ్మట నేనొక్కడనే నిలిచి, తీసివేత చేసితిని. 7 కిలోల 200 గ్రాములు తేలెను. మన దేశవాళి పిల్లులలో పెక్కింటికి 3 మొదలు 5 కిలోలలోపే తగిన బరువు.

ఇక నా పాండిత్యము బయలుదేరెను. లంఖణము పరమౌషధమని మనవారు చెప్పుదురు గదా. భీముని సామానుల గదిలో పెట్టి, నీరు మాత్రముంచి, తలుపు మూసితిని. మొదటిదినము వాడు వీధివారందరును వినునట్లు అరచెను. రెండవదినము అరపు తగ్గెను. మూడవదినము కొంచెము అన్నము పెట్టగా మూచూచి మొగము త్రిప్పుకొనెను. "చూచితివా, తిండిమీది యాశ చచ్చినది" యని నా భార్యతో గర్వముగా పలికితిని. ఆమె యేమియు అనలేదు. అయిదవదినమున ఆమెయే వాని చెవి వెలుగునకు పట్టి, "లోపల పసుపు పూసినట్లున్నది, చూడుడు" అనెను. చిగుళ్లును అట్లే యున్నవి.

పశువైద్యశాలలోని వైద్యుడు నాయొద్ద చదువుకొన్నవాడే. ఆ మర్యాదచేత నన్ను కోపింపలేదు కాని, అతడు చెప్పిన మాటలు నాకు కోపముకంటె ఎక్కువగా తగిలినవి. "పంతులుగారూ, మనిషికి ఉపవాసము మేలు చేసిన చేయవచ్చును. పిల్లికది విషము. బలిసిన పిల్లికి మరియు విషము" అని చెప్పెను. తిండి లేనప్పుడు శరీరము తనయందు నిలువచేసికొన్న క్రొవ్వును కరగించి కాలేయమునకు పంపును. పిల్లి కాలేయమునకు అంత క్రొవ్వును ఒక్కమారు జీర్ణించుకొను శక్తి లేదు. క్రొవ్వు కాలేయపు కణములలోనే పేరుకొనిపోవును; దాని పనులు నిలిచిపోవును; కామెర్లు వచ్చును; అప్పుడు తిండి పెట్టినను పిల్లి తినదు. తినకపోవుటచేత రోగము, రోగముచేత తినకపోవుట. ఈ చక్రము రెండు మూడు దినముల పస్తుతోనే మొదలుకావచ్చును. నేను తపస్సనుకొన్నది మరణమునకు తొలిమెట్టు. మూడువారములు మెత్తని ఆహారమును గొట్టముద్వారా పోయగా భీముడు బ్రతికెను. ఆ మూడువారములును నా భార్య నాతో అవసరమునకు మించి మాటాడలేదు.

కావున పెద్దలారా, పిల్లి యెంత లావైనను పస్తు పెట్టకుడు. ఏ కారణముచేతనైనను పిల్లి ఒక పూర్తిదినము ఏమియు తినకున్న వైద్యునికి చూపుడు. బరువు తగ్గింపవలసినది వారమునకు శరీరపు బరువులో నూటికి ఒకటి చొప్పున మాత్రమే. ఆరున్నర కిలోల పిల్లి వారమునకు అరువది అరువదియైదు గ్రాములు తగ్గిన చాలును. అనగా ఇది మాసముల పని.

అంతకాలము శ్రమ యెందుకు, ఉన్నట్లుండనిత్తమందురేమో. బలిసిన పిల్లికి మనుష్యులకువలెనే మధుమేహము వచ్చును, కీళ్లు అరుగును, ఒడలు శుభ్రము చేసికొనలేక చర్మరోగములు పట్టును. బలిసినదో లేదో తెలిసికొనుటకు త్రాసు లేకున్నను ప్రక్కటెముకలమీద వ్రేళ్లుంచి చూడుడు. అరచేతి వెనుకప్రక్కను తడిమిన ఎముకలెట్లు తెలియునో అట్లు తెలియవలెను. మెత్తపరుపును తడిమినట్లుండిన అది క్రొవ్వు.

ఇప్పుడు లెక్క. ఆహారమునందలి శక్తిని కాలరీలతో కొలుతురు. నాలుగున్నర కిలోల యింటిపిల్లికి దినమునకు సుమారు 200 మొదలు 250 కాలరీలు చాలును. చిన్నచెంచాడు నేతిలో 40కి పైబడిన కాలరీలుండును. అనగా మనము ముద్దుగా వేయు రెండుచెంచాల నేయి దాని దినభత్యములో మూడవవంతు మ్రింగివేయును! 100 గ్రాముల గుళికలలో 350 మొదలు 400 కాలరీలుండును. మేము పళ్లెమునిండ పోసినది తూచగా 150 గ్రాములు. సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించిన పిల్లికి ఆకలి పెరుగును, ఖర్చు తగ్గును. దానికి నాలుగవవంతు వరకు తిండి తగ్గింపవలసియుండును. అంతమాత్రమున ఆ చికిత్స మానవలదు. వీధులలో దిక్కులేని పిల్లిపిల్లలు పుట్టకుండుటకు అది మంచి మార్గము.

పాలమాట కూడ చెప్పవలెను. పెద్దపిల్లులలో చాలవానికి పాలలోని చక్కెర జీర్ణము కాదు, విరేచనములగును. తెనాలి రామకృష్ణుడు పిల్లికి కాగిన పాలు పోసి, పాలు చూచిన పారిపోవునట్లు చేసెనను జనశ్రుతి మీరెరుగుదురు. సభలో తక్కినవారి పిల్లులు పాలు త్రాగి బలిసినవని కథ. రాజు పిల్లులను పంచినది ఎలుకల బాధ తీరుటకు. ఆ బలిసిన పిల్లులు ఎన్ని యెలుకలను పట్టినవో కథ చెప్పువారెవరును చెప్పరు. రామకృష్ణుని పిల్లికి మూతి కాలినమాట నాకు కష్టముగనే యుండును.

పిల్లికి మాంసము లేనిదే జరుగదు. అమరకోశమున దానికి గల పేళ్లలో ఆఖుభుక్కు ఒకటి, ఎలుకను తినునదని యర్థము. మాంసమునందుండు టారిన్ అను పదార్థమును తగినంతగా తనలో తయారుచేసికొనుటకు పిల్లి శరీరమునకు శక్తి లేదు. అది లోపించిన కన్ను చెడునని 1975లోను, గుండె బలహీనమగునని 1987లోను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. మాది మాంసము వండని యిల్లు. కావున అన్నము మాని, అవసరమైన పదార్థములన్నియు చేర్చిన గుళికలను తూచి పెట్టుచున్నాము. చేపలు వండుకొనువారు ఉప్పు కారము లేక ఉడికించి, ముల్లు తీసి కొంత పెట్టవచ్చును.

ఇంతవరకు ఒక్క పిల్లి యున్నవారికి సులభమే. పలుపిల్లులున్న యింట అసలు చిక్కు ఇక్కడనే యున్నది. భీమునికి తగ్గించిన గౌరి మాడును. గౌరికి హెచ్చించిన భీముడు తినును. పిల్లి స్వభావముచేత ఒంటరిగా వేటాడు జంతువు. అడవిలో చుంచెలుకవంటి చిన్న ప్రాణిని పట్టి యొంటరిగా తినును; దినములో అట్లు పలుమారులు తినును. ఒక పళ్లెముచుట్టు మూడు పిల్లులు చేరి తినుట మనకు పంక్తిభోజనమువలె ముచ్చటగా కనబడునే కాని, వానికి మనస్సున భయమే. మెత్తనిది వెనుకకు తగ్గును. బలమైనది తనకు ఆకలి లేకున్నను ఇతరులకు దక్కకుండ తొందరగా మ్రింగును. కొట్లాట లేదు గనుక స్నేహమనుకొందుము. గౌరి బక్కచిక్కుట ముసలితనమని నేను ఎన్నియేండ్లనుకొంటినో!

మేము చేసిన యేర్పాటు చెప్పెదను. భీమునికి వైద్యుడు దినమునకు 50 గ్రాముల గుళికలు నిర్ణయించెను. అవి ప్రొద్దుననే తూచి నాలుగు చిన్న గిన్నెలలో పెట్టుదును. ఎవరు పెట్టినను ఆ గిన్నెలనుండియే పెట్టవలెను. పెట్టునప్పుడు భీముడు వంటయింటిలో, గౌరి పడకగదిలో. తలుపులు మూసి ఇరువది నిమిషములు. పిమ్మట మిగిలినది తీసివేయవలెను. చుక్కకు అటకమీద పెట్టుదుము. అంత యెత్తు భీముడెక్కలేడు. గౌరి ముసలిది, ఒక్కమారు తినలేదు. దానికొరకు సామానుల గది తలుపు సన్నముగా తెరచి, అంతకు మించి తెరచుకొనకుండ త్రాటితో కట్టితిని. గౌరి దూరును, భీమునికి తల మాత్రమే పట్టును. తల యిరికి ఊపిరాడకపోవునేమోయని మొదటి వారము నేను దగ్గర కూర్చుండియే చూచితిని. నగరములలో, పిల్లి చర్మముక్రింద అమర్చిన చిన్న గుర్తును కనిపెట్టి దానికి మాత్రమే మూత తెరచుకొను పెట్టెలు వచ్చినవట. మాకు త్రాడు చాలినది.

తలుపులకంటె కష్టమైనది మనుష్యులను కట్టుట. నా భార్య గిన్నెల నియమమును దాటలేదు. నా మనుమడు మాత్రము బల్లక్రింద పెరుగన్నపు ముద్ద జారవిడుచుచు, పిల్లి కన్నులు మూసికొని పాలు త్రాగినట్లు, ఎవరును చూడలేదనుకొనుచుండెను. వానిని తిట్టక, ఆదివారము తూచుటయు, అంకెలు గోడమీది కాగితమున వ్రాయుటయు వానికే యప్పగించితిని. మూడవ ఆదివారమున బరువు తగ్గక నిలిచినప్పుడు వాడే, "తాతయ్యా, తప్పు నాదే" యనెను. పొరుగిండ్లు మరియొకటి. భీముడు నాలుగిండ్ల పిల్లి. పిల్లిమెడలో గంట కట్టువారెవరని సామెత, నేను గంటకు బదులు, లాగిన ఊడిపోవు వదులైన దారముతో, "నాకు వైద్యుని పథ్యము. దయయుంచి ఏమియు పెట్టకుడు" అని వ్రాసిన చీటి కట్టితిని. వీధి యంతయు నవ్వెను, కాని పెట్టుట మానిరి.

కొంత యాట కూడ కావలెను. కఱ్ఱకు దారముతో ఈక కట్టి, పూట పూటకు అయిదు నిమిషములు పరుగెత్తింపవచ్చును. ఆట కాగానే దారమును దాచవలెను. మ్రింగిన ప్రేగులకు చుట్టుకొనును.

ఆరు మాసములు గడచినవి. రోగము తీరునాటికి ఆరున్నర కిలోలున్న భీముడు, మొన్నటి ఆదివారమునకు 5 కిలోల 200 గ్రాములకు వచ్చెను. అరుగు ఎక్కుచున్నాడు. అటకమాట దేవుడెరుగును, వాడు పైకి చూచుట హెచ్చినది గనుక, చుక్క గిన్నెను వేరొకచోటికి మార్చవలసియుండును.

గోడమీది కాగితముచేత మరియొక మేలు కలిగినది. దానిలో గౌరి బరువు కూడ వ్రాయుచుండిరి. తనకు వేరు గిన్నె వచ్చిన తరువాత పెరుగుచు వచ్చినది, రెండు వారములు వరుసగా తగ్గెను. గిన్నెలో గుళికలును మిగులుచుండెను. ఉమ్మడి పళ్లెమైనయెడల ఆ మిగిలినవి భీముడు తినును, మాకు తెలియనే తెలియదు. వైద్యుడు నోరు తెరచి చూడగా లోపలి పన్నొకటి కుళ్లియుండెను. దానిని తీసివేసిరి. ఇప్పుడు గౌరి నానబెట్టిన గుళికలు తినుచున్నది. ఎల్లుండి ఆదివారము, మనుమడు త్రాసును ఇప్పుడే తుడిచి పెట్టినాడు. సెలవు.