భూసేవకు భృతి
(కొంపల్లి పఠనమందిర సభలో గావించిన ప్రసంగ పాఠము)



రైతునకు సర్కారు సొమ్ము ఈయవలెనా యను ప్రశ్న మన సీమలో తీరిపోయినది. 2018 మే నెలలో తెలంగాణ ప్రభుత్వము రైతుబంధు పథకమును ప్రారంభించి, పంటకాలమునకు ఎకరము ఒక్కింటికి 4,000 రూపాయల చొప్పున ఇచ్చెను. దాని స్థానమున 2025 జనవరి 26న వచ్చిన రైతుభరోసా సంవత్సరమునకు 12,000 రూపాయలని నిర్ణయించినది. మంచిదే, వడ్డీవ్యాపారి గడప తొక్కకుండ విత్తనము కొనుటకు అది తోడ్పడును. ఇక మిగిలిన ప్రశ్న యొక్కటే: ఆ సొమ్ము దేనికి ప్రతిఫలము?

రైతుబంధు పట్టాదారు పాసుపుస్తకమును చూచెనే కాని నేలను చూడలేదు. న్యాయవాదులమగుటచే పత్రముల విలువ మేమెరుగుదుము. కాని పత్రము దున్నదు, గట్టు వేయదు. కౌలుదారునకు ఆ పథకమున పైసా దక్కలేదు. ఇండ్ల స్థలములకై రాళ్లు పాతిన భూమికిని సొమ్ము చేరినందుననే, సాగుయోగ్యము గాని భూములను రైతుభరోసానుండి తొలగింపవలసి వచ్చినది.

చేసిన పనినిబట్టి ఇచ్చు మర్యాద మన పూర్వులకు తెలియనిది కాదు. చెరువు త్రవ్వించి, దానిని మరమ్మతులో నుంచువారికి దశబంధమను మాన్యమిచ్చుట విజయనగర కాలమునుండియు రాయలసీమలో ప్రసిద్ధము. పొలములకు నీరు పంచు నీరటికిని మాన్యముండెడిది. ఆనాటి అసమానతలు మనకు వలదు; ధర్మము మాత్రము గ్రాహ్యము. పదిమందికి మేలగు పనికి పదిమంది సొమ్ము చెల్లవలెను.

నేడు ఇంగ్లాండు ఈ త్రోవనే పోవుచున్నది. 2020 నాటి వ్యవసాయ చట్టముతో ఎకరముల లెక్కన ఇచ్చు సొమ్మును క్రమముగా తగ్గించి, నేలను, నీటిని, పొలముల చుట్టునున్న చెట్లకంచెలను కాపాడు పనికి ద్రవ్యమిచ్చుట కారంభించినది. మన కేంద్ర ప్రభుత్వమును 2024 నవంబరులో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించి, రాష్ట్రముల వాటాతో కూడ మొత్తము 2,481 కోట్ల రూపాయల వ్యయమును నిర్ణయించినది. దేశ విస్తీర్ణమును తలచిన నిది తొలి చినుకు మాత్రమే.

మన యిరుగుపొరుగు చూడుడు. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతము ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపొందినది. ఆ నేలలో కాలనీలు లేచినవి. ఇంకను దున్నబడుచున్న పొలము వాననీటిని ఇంకించుచున్నది. ఆ నీరే మన బోరుబావులకు ఆధారము. సిమెంటు బాటలో నీరింకదు. ఆ రైతు మనకు చేయుచున్న యీ సేవకు వెల యెంత? స్థలముల వర్తకుడు ఆ పొలమునకు రోజుకొక ధర చెప్పుచున్నాడు; ఆ సేవకు సర్కారు ఏ ధరయు చెప్పుట లేదు.

పేదరైతుపై షరతులు మోపిన, మరల కచేరీల చుట్టు తిరుగవలసి వచ్చునని కొందరందురు. ఆ భయము నిరాధారము కాదు. కావున రైతుభరోసాలో దమ్మిడీయైనను తగ్గింపవలదు. దానికి తోడుగా వేరొక సేవాభృతిని ఏర్పరుపవలెను. జీలుగ, జనుము చల్లి పచ్చిరొట్ట దున్నువానికి, గట్లపై చెట్లు పెంచువానికి, చెరువునకు పోవు వాగును పూడ్చక విడుచువానికి అది చెందవలెను. 2015లో మొదలైన మిషన్ కాకతీయ క్రింద పూడిక తీసినప్పుడు రైతులు సొంత ఖర్చుతో ఆ మన్నును పొలములకు తోలుకొనిరి. అట్టి శ్రమకును కూలి గట్టవలెను. పట్టా యెవరి పేరనున్నను, పనిచేసిన చేతికే సొమ్ము ముట్టవలెను. లెక్క గ్రామసభలో బహిరంగముగా చదువవలెను.

పన్ను కట్టువారము మనము. ఆ నీరు త్రాగువారమును మనమే. ఈ కోరికను మన ప్రతినిధుల యెదుట నుంచుట మన విధి. పొలము ఒకసారి ప్లాట్లుగా తెగిపోయిన పిమ్మట ఏ పథకమును దానిని మరల పొలముగా చేయజాలదు.